మాత్ర మ్రింగువారికి మందు సంగతి తెలియవలెను

(మన సంఘ మహిళా విభాగమువారి సమావేశమున ఒక వైద్యులు గావించిన ప్రసంగ పాఠమిది. ఆ దినమున రాలేకపోయిన సభ్యుల కోరికపై ప్రకటించుచున్నాము. — సంపాదకుడు)



రొమ్ము క్యాన్సరునకు నోటితో పుచ్చుకొను ఒక మందును గూర్చి నేడు మాటలాడవలసినదిగా నన్ను కోరినారు. ఇట్టి విషయము మన సంఘ సభలో ఏల యని కొందరికి తోచవచ్చును. బడులలో తెలుగు బోధన, పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుట, ఉగాది ఉత్సవము — ఇవి మనకు అలవాటైన విషయములు. అయితే భాష వలన కలుగు చిక్కు బడిలోనే కాదు, ఆసుపత్రిలోను కలదు. బడిలో కలిగిన నష్టమును మరుసటి యేడు పూరించుకొనవచ్చును. ఆసుపత్రిలో ఒక్క మాట తప్పుగా విన్నచో దానిని సరిదిద్దుకొను అవకాశము ఒక్కొక్కప్పుడు ఉండదు.

మన పూర్వులు మగ్గము చేతబట్టియో నాగలి చేతబట్టియో ఈ సీమలకు వచ్చి తరములు గడచినవి. హోసూరులో, కోయంబత్తూరులో ఇంట తెలుగు, వీధిలో తమిళము. కోలారు, బళ్ళారి ప్రాంతములలో వీధిలో కన్నడము. బరంపురమున ఒరియా, షోలాపురమున మరాఠీ. యానాములో వీధి భాషయు తెలుగే. ఐనను పెద్ద వైద్యమునకని పుదుచ్చేరి పోయినచో అక్కడి మాట తమిళము. రొమ్ము క్యాన్సరు వచ్చినప్పుడు మనవారు అడయారు క్యాన్సరు ఇన్‌స్టిట్యూటునకో, బెంగుళూరు కిద్వాయి ఆసుపత్రికో, ముంబయి టాటా మెమోరియల్‌కో, కటకములోని ఆచార్య హరిహర ఆసుపత్రికో పోవుచుందురు. అక్కడ వైద్యులు ప్రాంతీయ భాషలోనో, ఇంగ్లీషులోనో చెప్పుదురు. మందు డబ్బాలోని కాగితము ఇంగ్లీషులో ఉండును. కుమారుడో, మనుమరాలో విని, ఇంటి పెద్దామెకు తెలుగులో చెప్పవలెను. ఆ చెప్పుటలో కొంత జారిపోవును. కొంత ప్రేమ చేత దాచబడును. "ఏమియు లేదమ్మా, ఇది రక్తము పట్టుటకు మందు" అని చెప్పి మాత్ర చేతిలో పెట్టు ఇండ్లు మనలో ఎన్నియో కలవు.

సూదిమందైనచో ఆసుపత్రిలో నర్సు కన్నుల యెదుట ఎక్కును. దాని లెక్క ఆసుపత్రివారు చూచుకొందురు. నోటి మందు అట్లు కాదు. దానిని ఇంటిలో, వంటయింటి ప్రక్కన, ఎవరును చూడని వేళ మ్రింగుదురు. అందుచేత దాని లెక్క మ్రింగువారికే తెలియవలెను. నేను చెప్పదలచిన ముఖ్య విషయమిదియే. మిగిలినదంతయు దీనికి వివరణము.

ఏ మందు, ఏమి చేయును?

మందు పేరు పాల్బోసిక్లిబ్. రొమ్ము క్యాన్సరులో పెక్కు రకములు కలవు. అందులో స్త్రీ హార్మోనుల ప్రేరణ చేత పెరుగునది, హెర్-2 అను లక్షణము లేనిది యొక రకము. ఆ రకము శరీరములోని ఇతర భాగములకు ప్రాకినప్పుడు ఈ మందు నిత్తురు. ఒంటరిగా ఈయరు. లెట్రోజోల్ వంటి హార్మోను మాత్రతోనో, ఫుల్‌వెస్ట్రాంట్ అను సూదిమందుతోనో కలిపి యిత్తురు.

క్యాన్సరు మందుల చరిత్రలో తెలుగువారి చేయి లేకపోలేదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలలో అమినోప్టెరిన్ అను మందు తయారైనది. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యులు 1947–48లో దానిని రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి, వ్యాధి కొంతకాలము వెనుకంజ వేయుట చూచినారు. దాని కుటుంబములోని మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఆ తరము మందులు, వేగముగా రెండగు కణము ఏదైనను దానిని దెబ్బతీయును; మంచిచెడ్డల విచక్షణ వానికి తక్కువ.

పాల్బోసిక్లిబ్ అటువంటిది కాదు. శరీరములోని ప్రతి కణమును రెండుగా చీలుటకు ముందు ఒక గడప దాటవలెను. ఆ గడప తలుపు తీయు ఎంజైములలో రెంటికి సి.డి.కె.-4, సి.డి.కె.-6 అని పేర్లు. కణ విభజన రహస్యమును విప్పినందుకు హార్ట్‌వెల్, హంట్, నర్స్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2001లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ జ్ఞానము పునాదిగా తయారైన మందు ఇది. ఆ రెండు ఎంజైములను పట్టి నిలుపును; క్యాన్సరు కణము గడప దాటలేక ఆగిపోవును. గురి చూచి కొట్టు మందు అని దీనిని పిలుచుట అందువలననే. అమెరికాలో 2015 ఫిబ్రవరిలో దీనికి అనుమతి లభించినది.

మందు ఎంత మేలు చేయునో ఉన్నదున్నట్లు చెప్పుట న్యాయము. 2016లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో 666 మంది స్త్రీలు పాల్గొన్నారు. లెట్రోజోల్ మాత్రమే పుచ్చుకొన్నవారిలో వ్యాధి మరల ముదురుటకు పట్టిన కాలము మధ్యస్థముగా 14.5 నెలలు. పాల్బోసిక్లిబ్ కూడ కలిపి పుచ్చుకొన్నవారిలో అది 24.8 నెలలు. అనగా వ్యాధి అదుపులో నుండు కాలము ఇంచుమించు పది నెలలు పెరిగినది. అయితే మొత్తము ఆయుర్దాయము స్పష్టముగా పెరిగినట్లు ఆ పరిశోధనలో ఋజువు కాలేదు. కావున ఇది వ్యాధిని సమూలముగా పెరికివేయు మందు కాదు. వ్యాధిని నిలువరించు మందు. నిలువరించిన ఆ కాలము సుఖముగా గడచుట, మందును క్రమముగా పుచ్చుకొనుటపై చాలవరకు ఆధారపడి యున్నది.

మూడు వారములు మందు, ఒక వారము విరామము

సాధారణముగా మొదట నిచ్చునది 125 మిల్లిగ్రాముల మాత్ర, దినమునకు ఒకటి. వరుసగా 21 దినములు పుచ్చుకొని, పిమ్మట 7 దినములు మానవలెను. ఈ 28 దినములు ఒక విడత. 29వ దినమున రెండవ విడత మొదలగును.

ఈ ఏడు దినముల విరామము విషయముననే ఇండ్లలో పొరపాట్లు జరుగుటకు అవకాశము ఎక్కువ. "ఇంత ఖరీదైన మందు, వ్యాధి ఇంత పెద్దది, వారము దినములు ఊరకుండుట ఎట్లు?" అని తలచి కొందరు ఆపకుండ పుచ్చుకొందురు. మరికొందరు విరామము సుఖముగా నున్నదని ఇంకొక వారము పొడిగింతురు. రెండును తప్పే. క్యాన్సరు కణములవలెనే, ఎముకల మూలుగలో పుట్టు తెల్ల రక్తకణములకును ఆ గడప దాటుట అవసరము. మందు వానిని కూడ ఆపును. ఏడు దినములు మందు లేనప్పుడు మూలుగ తేరుకొని కొత్త కణములను పంపును. కావున విరామము మందు లేని వారము కాదు. అదియు మందులో భాగమే. పొలమును ఒక పైరు విడిచి బీడు పెట్టుట ఎందులకో మన రైతు కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులో మరియొక మెలిక కలదు. పాల్బోసిక్లిబ్‌కు విరామమున్నది గాని, దానితో కలిపి యిచ్చు లెట్రోజోల్‌కు విరామము లేదు. దానిని 28 దినములును, ప్రతిదినమును పుచ్చుకొనవలెను. "ఈ వారము మందులు లేవు" అని విన్న పెద్దామె రెంటిని మానివేయును. లేదా "దినమును మానరాదు" అని విన్నామె రెంటిని సాగించును. కావున చెప్పునప్పుడు "మందు" అని ఒక్క మాటతో సరిపెట్టక, ఏ మాత్ర ఆగునో, ఏ మాత్ర సాగునో, మాత్ర చేతబట్టి చూపి చెప్పవలెను.

దీనికి సులభమైన ఉపాయము గోడమీది తెలుగు క్యాలెండరు. 28 దినములు సరిగా నాలుగు వారములు కావున, విడత ఏ వారమున మొదలైన ప్రతి విడతయు ఆ వారముననే మొదలగును. సోమవారము మొదలిడినచో మూడవ ఆదివారమున 21వ మాత్ర ముగియును. మరుసటి సోమవారము మొదలు ఆదివారము వరకు విరామము. ఆ తరువాతి సోమవారము కొత్త విడత. మందు దినములకు ఎర్ర సిరాతో చిన్న సున్న చుట్టి, మాత్ర మ్రింగిన వెంటనే ఆ సున్నలో గీత గీయవలెను. మ్రింగక ముందు గీయరాదు. చదువురానివారును ఈ లెక్క పెట్టుకొనగలరు.

మ్రింగు పద్ధతి

ఈ మందు రెండు రూపములలో దొరకును. క్యాప్స్యూలు అనబడు గొట్టపు మాత్ర యొకటి, గట్టి బిళ్ళ మరియొకటి. క్యాప్స్యూలును తప్పక భోజనముతో పుచ్చుకొనవలెను. బిళ్ళను భోజనముతోనైనను, భోజనము లేకయైనను పుచ్చుకొనవచ్చును. మీ ఇంటికి వచ్చినది ఏదియో మొదట తెలిసికొనుడు. ఏ రూపమైనను నమలరాదు, నూరరాదు, విప్పి పాలలో కలుపరాదు. పగిలిన దానిని, చిట్లిన దానిని మ్రింగరాదు. ప్రతి దినమును ఒకే వేళకు పుచ్చుకొనవలెను.

మన ఇండ్లలో ఉపవాసములు కలవు. కార్తీక సోమవారములు, శనివారపు ఒంటిపూటలు, ఏకాదశులు. ఉదయపు ఫలహారముతో క్యాప్స్యూలు పుచ్చుకొను అలవాటున్నామె ఉపవాస దినమున వట్టి కడుపుతో దానిని మ్రింగును, లేక మందే మానును. ఈ చిక్కు తప్పుటకు రాత్రి భోజనవేళను ఎన్నుకొనుట మేలు. పగలంతయు ఉపవసించి రాత్రి భుజించు నియమమునకు ఇది అడ్డురాదు. రేయింబగళ్ళు కటిక ఉపవాసము మాత్రము ఈ మందు వాడు దినములలో తగదు. దేహము నిలుపుకొనుటయు ధర్మమే గదా.

మాత్ర మరచినచో ఏమి చేయవలెను? మ్రింగిన తరువాత వాంతియైనచో ఏమి చేయవలెను? రెంటికిని ఒకటే సమాధానము. ఆ దినమునకు మరల మాత్ర వేసికొనరాదు. మరునాడు మామూలు వేళకు ఒక్క మాత్ర మాత్రమే వేసికొనవలెను. నిన్నటిది, నేటిది కలిపి రెండు వేసికొనుట ప్రమాదము. తప్పిన మాత్రను విరామ వారములోనికి జరుపుటయు కూడదు. మిగిలిన మాత్రను దాచి, తరువాత ఆసుపత్రికి పోవునపుడు చూపి, ఎన్ని తప్పినవో నిజము చెప్పుడు.

మాత్రలను అవి వచ్చిన సీసాలోనే, పొయ్యి వేడిమి తగులని, తడిలేని తావున, పిల్లలకు అందని ఎత్తున ఉంచవలెను. ఇతర మాత్రలతో కలిపి ఒకే డబ్బాలో పోయరాదు. పెండ్లికో, తిరుపతికో ప్రయాణమైనప్పుడు సీసాను చేతిసంచిలో పెట్టుకొనుడు. పెట్టెలో వేసి బస్సు మీదికి ఎక్కింపకుడు.

రక్తపరీక్ష, జ్వరము

మందు మొదలిడుటకు ముందును, ప్రతి విడత మొదటను, మొదటి రెండు విడతలలో 15వ దినమునను రక్తపరీక్ష చేయింపవలెను. తరువాత అవసరమును బట్టి వైద్యులు చెప్పుదురు. సోమవారము మొదలిడిన వారికి ఈ పరీక్ష దినములును సోమవారములే యగును; గుర్తుంచుకొనుట సులభము. పరీక్ష ఫలితమును వైద్యునకు చూపి, "మొదలిడుడు" అని ఆయన చెప్పిన తరువాతనే కొత్త విడత మొదలిడవలెను. క్యాలెండరులో సున్న చుట్టి యున్నది గదా యని తామై మొదలిడరాదు. తెల్లకణములు చాలనప్పుడు వైద్యులు కొన్ని దినములు ఆపుదురు, లేదా మాత్రను 125 నుండి 100కు, అవసరమైనచో 75కు తగ్గింతురు. తగ్గించినారనగానే "ఇక ఆశ లేదని చిన్న మందు ఇచ్చినారు" అని కన్నీరు పెట్టుకొను వారున్నారు. అది సరికాదు. కొలత ఆమె దేహమునకు తగినట్లు సరిచేయబడినది, అంతియే.

ఇందాక చెప్పిన పరిశోధనలో ఈ మందు పుచ్చుకొన్న నూరుమందిలో సుమారు 80 మందికి తెల్లకణములలోని ముఖ్యమైన రకము తగ్గినది. సుమారు 66 మందికి అది మిక్కిలిగా తగ్గినది. వినుటకు భయము గొలుపు లెక్కయే. అయితే ఆ తగ్గుదలతో కూడ జ్వరము వచ్చినవారు నూటికి ఇద్దరు మాత్రమే. కావున రక్తపరీక్ష కాగితములో అంకె తగ్గినంత మాత్రమున బెంబేలు పడనక్కరలేదు. కాని ఆ ఇద్దరిలో మన ఇంటి మనిషి ఉండవచ్చును గనుక జ్వరమును ఎన్నడును తేలికగా చూడరాదు. తెల్లకణములు దేహమునకు కావలివారు. కావలి తగ్గిన వేళ సాధారణ జ్వరమే గంటల వ్యవధిలో ప్రాణము మీదికి రావచ్చును.

ఇంటిలో ఒక థర్మామీటరు ఉండితీరవలెను. నుదుట చేయి పెట్టి చూచుట చాలదు. 100.4 డిగ్రీలు, లేదా అంతకు మించి యున్నచో, చలియు వణుకును పుట్టినచో, రాత్రియైనను పగలైనను వెంటనే ఆసుపత్రికి ఫోను చేయవలెను; వారు రమ్మన్నచో పోవలెను. పారాసిటమాల్ ఇచ్చి, మిరియాల కషాయము త్రాగించి, తెల్లవారిన పిదప చూతమనుట ఈ రోగి విషయమున తగదు. ఆ మాత్ర జ్వరమును కప్పిపుచ్చునే గాని లోపలి రోగమును ఆపదు. ఏ ఆసుపత్రికి పోయినను మొదటి మాటగా "ఈమె పాల్బోసిక్లిబ్ పుచ్చుకొనుచున్నది" అని చెప్పవలెను. ఆ ఒక్క మాట విన్న వైద్యుడు వెంటనే రక్తపరీక్ష చేయించును.

ఇక్కడ భాష సంగతి మరల వచ్చును. షోలాపురములో మరాఠీ నర్సు "తాప్ ఉన్నదా?" అను అర్థమున అడుగును. మరాఠీలో తాప్ అనగా జ్వరము. మన ముసలమ్మగారికి తాపమనగా ఎండ వేడిమి, లేదా మనసులోని బాధ. "ఈ వయసులో తాపము లేకేమి తల్లీ" అనును. లేదా ఇంటిలో చల్లగానే యున్నదని తలచి "లేదు" అనును. రెండు జవాబులును నర్సునకు తప్పు త్రోవ చూపును. ఇరుగుపొరుగు భాషల మాటలు కొన్ని మనకు తెలిసినట్లే యుండి మోసము చేయును.

తెలుపవలసిన ఇతర లక్షణములు

ఊపిరితిత్తులు వాచుట ఈ మందు వలన అరుదుగా కలుగును గాని, కలిగినప్పుడు ప్రమాదము. కొత్తగా పొడిదగ్గు పట్టుకొన్నను, నాలుగడుగులు నడచిన ఆయాసము వచ్చినను, రొమ్ములో నొప్పి కలిగినను, మాత్ర ఆపి వెంటనే వైద్యునికి తెలుపవలెను. "చలిగాలికి దగ్గు" అని సరిపెట్టుకొనరాదు.

నోటిపూత, అలసట, వికారము, విరేచనములు, ఆకలి మందగించుట, దద్దురులు, జుట్టు పలుచబడుట మామూలుగా కనబడు ఇబ్బందులు. ఇవి ప్రాణాపాయములు కావు. ఐనను చెప్పకుండ ఓర్చుకొనుట మంచిది కాదు. నోరు పూసినప్పుడు మెత్తని బ్రష్షు వాడి, ఉప్పు నీటితో పుక్కిలించి, ఆవకాయను, ఎండుమిరపను కొన్నాళ్ళు విడిచి, మజ్జిగన్నము, మెత్తని పప్పన్నము తినవలెను. కాచి చల్లార్చిన నీరు త్రాగవలెను. ఇంటిలో జలుబు, దగ్గు ఉన్న పిల్లలను కొన్నాళ్ళు నాయనమ్మ ప్రక్కలో పడుకొననీయకుండుట అవసరము. పంటి వైద్యునికి, టీకా వేయువారికి గూడ ముందుగా ఈ మందు సంగతి చెప్పవలెను.

సంతానయోగ్యమైన వయసుగల స్త్రీలు ఈ మందు వాడు కాలమునను, మాని కనీసము మూడు వారముల వరకును గర్భము రాకుండ జాగ్రత్త వహింపవలెను, బిడ్డకు పాలీయరాదు. మగవారికిని అరుదుగా రొమ్ము క్యాన్సరు వచ్చును. ఈ మందు వాడు పురుషులు, మానిన పిదప మూడు నెలల వరకు ఆ జాగ్రత్త పాటింపవలెను.

కలియని మందులు, ఆహారములు

పాల్బోసిక్లిబ్‌ను కాలేయములోని ఒక ఎంజైము కరగించి బయటికి పంపును. కొన్ని మందులు ఆ ఎంజైమును అణచును. అప్పుడు పాల్బోసిక్లిబ్ రక్తములో పేరుకొని విషమించును. కొన్ని దానిని రెచ్చగొట్టును. అప్పుడు మందు పనిచేయక ముందే కరగిపోవును.

మొదటి జాతిలో మనకు ఎక్కువగా తారసిల్లునది తామరకు ఇచ్చు ఇట్రాకొనజోల్. చర్మము దురద పెట్టినచో మందుల షాపునకు పోయి, చీటీ లేకుండ దానిని కొని తెచ్చుకొనుట ఊరూర కలదు. క్లారిత్రోమైసిన్ అను యాంటిబయాటిక్‌ కూడ ఈ జాతిదే. రెండవ జాతిలో క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చు ఫెనిటోయిన్, కార్బమజెపీన్ ముఖ్యమైనవి. ఈ మందులలో దేనినైనను వాడుచున్నవారు ఆ సంగతి మొదటనే చెప్పవలెను. తాముగా మాత్రము దేనిని ఆపరాదు. మూర్ఛ మందును హఠాత్తుగా ఆపుట మరియొక ప్రమాదము. మార్చవలసినది వైద్యులు మార్తురు.

పండ్లలో గ్రేప్‌ఫ్రూట్ ఈ మందుతో కూడదు. మన పెరళ్ళలో కాయు పంపరపనస దానికి దగ్గరి చుట్టము. దానిని గూడ విడుచుట క్షేమము. ఆకు పసరులు, నాటు మాత్రలు, వేళ్ళ కషాయములు ఏవి పుచ్చుకొన్నను దాచక చెప్పవలెను. వైద్యుడు కోపపడునను భయమున దాచుట రోగికే నష్టము.

పొరుగింటి మాత్ర, మారిన డబ్బా

సి.డి.కె. మందులు మూడు వాడుకలో కలవు. రెండవది రైబోసిక్లిబ్. దానికిని మూడు వారములు మందు, ఒక వారము విరామమే. అయితే అది గుండె లయపై ప్రభావము చూపును గనుక ఇ.సి.జి. పరీక్షలు కావలెను. మూడవది అబెమాసిక్లిబ్. దానిని విరామము లేకుండ దినమునకు రెండు పూటలును పుచ్చుకొందురు. విరేచనములు అందులో ఎక్కువ. "మా వదినగారికి విరామమే లేదట, మీకేల?" అని ఒకరు అడిగిన మాత్రమున మీ పద్ధతి మార్చుకొనరాదు. పేర్ల చివరి అక్షరములు ఒకటే గాని మందులు వేరు, నియమములు వేరు.

2023 జనవరిలో మన దేశమున పాల్బోసిక్లిబ్ పేటెంటు గడువు ముగిసినది. అప్పటినుండి దేశీయ కంపెనీలు పెక్కు దీనిని తయారు చేయుచున్నవి. ధర మునుపటికన్న చాల తగ్గినది. ఇది మధ్యతరగతి కుటుంబములకు గొప్ప మేలు. దానితో ఒక చిన్న చిక్కును వచ్చినది. ఒక నెల ఒక కంపెనీ డబ్బా, మరు నెల మరియొక కంపెనీ డబ్బా రావచ్చును. రంగు మారును, పేరు మారును, క్యాప్స్యూలు పోయి బిళ్ళ వచ్చును. కొత్త డబ్బా వచ్చిన ప్రతిసారియు మూడు సంగతులు చూడవలెను: లోపలి మందు పేరు పాల్బోసిక్లిబేనా, మిల్లిగ్రాములు వైద్యుడు వ్రాసినవేనా, క్యాప్స్యూలా బిళ్ళయా. పాత డబ్బాలో మిగిలిన 125 మాత్రలను, కొత్తగా 100 వ్రాసిన పిదప, వృథా కారాదని వాడుట కూడదు.

దాచుట దయ కాదు

చివరి మాట. అడయారు క్యాన్సరు ఇన్‌స్టిట్యూటును 1954లో స్థాపించిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు తమ చెల్లెలు క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచినవారు. ఆ దుఃఖము ఒక ఆసుపత్రియైనది. మన ఇండ్లలో అట్టి దుఃఖము మాటలాడకుండ మిగిలిపోవుచున్నది. వ్యాధి పేరు ఇంటి పెద్దామెకు తెలియనీయరాదని కుమారులు, కోడండ్రు పడు తాపత్రయము ప్రేమ వలననే. కాని తన దేహములో ఏమి జరుగుచున్నదో తెలియనామె, చలి పుట్టిన రాత్రి పిల్లలను లేపదు. "వారి నిద్ర చెడును, తెల్లవారి చెప్పుదము" అనుకొనును. రక్తము పట్టు మందే గదా యని విరామ వారమున గూడ మ్రింగును, లేదా నోరు పూసినదని మానివేయును. ఆమెకు తెలిసియున్నచో ఆ తప్పులు చేయదు. పది కాన్పులు చూచి, కరవులు దాటి, పరాయి సీమలో సంసారము నిలిపిన మన తల్లులకు ఒక వ్యాధి పేరు వినగల ధైర్యము లేదనుకొనుట వారిని చిన్నచేయుటయే. ఒక్కసారిగా అంతయు చెప్పనక్కరలేదు. ఆమె అడిగినంతకు నిజము చెప్పుడు. చెప్పినది ఆమె మాటలలో ఆమె చేత మరల చెప్పించుకొనుడు. అప్పుడు గాని అర్థమైనదో లేదో తెలియదు.

సంఘమువారు చేయదగిన పనులు మూడు నాకు తోచుచున్నవి. రెండు భాషలును వచ్చిన స్త్రీ ఒకతె, రోగి కోరినప్పుడు ఆసుపత్రికి తోడు పోవుట మొదటిది. మందు నియమములను ఒక్క అట్టమీద తెలుగులో వ్రాసి యిచ్చుట రెండవది. తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరములు రాని మనుమలు పెక్కుమంది కలరు. వారి కొరకు ఆ తెలుగు మాటలనే తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో, దేవనాగరిలోనో, ఒరియా లిపిలోనో వ్రాయవచ్చును. లిపి ఏదైననేమి, నాయనమ్మ చెవికి చేరునది తెలుగే. వినిపించుట మూడవది: ఈ ప్రసంగము పత్రికలో వచ్చినచో, చదువగలవారు చదువలేనివారికి ఒక సాయంకాలము చదివి వినిపింపవలెను.

నేను చెప్పినది సామాన్య నియమము. ఒక్కొక్కరి దేహమునకు తగినట్లు మీ వైద్యులు వేరుగా చెప్పినచో, వారి మాటయే మీకు ప్రమాణము. అర్థము కానప్పుడు మరల అడుగుటకు సిగ్గుపడకుడు. రెండవసారి అడుగుట మీ హక్కు.